రాణిగారి ముక్కు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో బ్రాడీపేటలో నాకొక డీటీపీ సెంటర్ ఉండేది. పెళ్లి కార్డులు, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు చేసేదాన్ని. ఫొటోలో ఫస్ట్ ర్యాంకు కుర్రాడి చెవి తెగిపోయినా ఎవరూ అడిగేవారు కారు. ర్యాంకు కనబడితే చాలు.

అలాంటి చోటికి ఒకరోజు జిల్లాలోని ఒక చిన్న మ్యూజియం అధికారి తమ కొత్త గది ప్రారంభోత్సవానికి బ్రోచరు వేయించడానికి వచ్చారు. కుర్చీలో కూర్చోకముందే నియమాలు చెప్పారు.

"శిల్పం ఫొటోని కత్తిరించకూడదండి. దానిమీద అక్షరాలు వేయకూడదు. రంగు మార్చకూడదు. కొంతే వేస్తే 'ఒక భాగం' అని కింద రాయాలి."

రాళ్లకు ఇంత మర్యాద ఉంటుందని నాకు తెలియదు. ఆ సంతోషంలో టీ కూడా తెప్పించాను.

ఫొటోలో సున్నపురాయి పలక. మధ్యలో రాణి, ఎడమవైపు ఇద్దరు చెలికత్తెలు. రాణి ముక్కు ఎప్పుడో విరిగిపోయింది. పలక అడ్డంగా ఉంది, బ్రోచరు నిలువుగా ఉంది.

"ఆ చెలికత్తెలిద్దర్నీ తీసేయండి," అన్నారు.

"కత్తిరించకూడదన్నారు కదండీ?"

"ఇది కత్తిరించడం కాదమ్మా. రాణిగారిని హైలైట్ చేయడం."

హైలైట్ చేశాను. తర్వాత ముక్కు సంగతి వచ్చింది. పెళ్లి ఫొటోల్లో మొటిమలు తీసినట్టే కదా అన్నారు. మొటిమ తీయడం వేరు, ముక్కు పెట్టడం వేరని చెప్పి చూశాను. వినలేదు. ఒక పెళ్లికూతురి ముక్కు తెచ్చి అతికించాను. ముక్కుపుడక మాత్రం చెరిపేశాను. చరిత్రను మార్చడానికి నాకూ ఒక హద్దుంది. బూడిదరంగు రాయి బంగారు రంగుకు తిరిగింది. రాణి కాళ్లమీద ముఖ్య అతిథి ఫొటో వచ్చింది. "అక్షరాలు వద్దన్నాను గానీ ఫొటో వద్దనలేదుగా," అన్నారాయన. కింద 'ఒక భాగం' అని మాత్రం నిజాయితీగా రాయించారు.

కొత్త గది ప్రారంభానికి నన్నూ పిలిచారు. ముఖ్య అతిథి బ్రోచరు పట్టుకుని పలక ముందు నిలబడి, రెంటినీ మార్చి మార్చి చూశారు.

"ఇది అది కాదేంటండీ?"

"అదేనండి. కాగితం మీద కొంచెం బాగా వచ్చింది."

"అయితే రాయిని కూడా ఇట్టాగే చేయించెయ్యండి. మా ఊళ్లో మంచి శిల్పి ఉన్నాడు, పంపిస్తా."

అధికారి మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

మర్నాడు నేను షాపు తెరిచేసరికి ఆయన మెట్లమీద కూర్చుని ఉన్నారు. "మళ్లీ వేద్దామమ్మా. ముక్కు లేకుండా, పలక మొత్తం, మడతపెట్టేట్టు. విరిగిందని పెద్దక్షరాలతో రాయండి. విరిగి ఉండటమే దాని గొప్ప అని కూడా రాయండి."

మొత్తం పలకను అప్పుడే సరిగ్గా చూశాను. రాణి మొహం చెలికత్తెల వైపు తిరిగి ఉంది. ఒకామె ఏదో చెబుతోంది. రెండో ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మా పాత బ్రోచరులో రాణి అంత శ్రద్ధగా వింటున్నది కాగితం అంచునన్నమాట. ఆ సంగతి చూపిస్తే అధికారి కుర్చీ కంప్యూటర్ దగ్గరికి జరుపుకున్నారు.

"ఇన్నేళ్లూ నేనూ ముక్కే చూశానమ్మా," అన్నారు.

శిల్పి రాలేదు. అదే ముఖ్య అతిథి మాటిచ్చిన రోడ్డూ రాలేదు కాబట్టి అందులో వింతేమీ లేదు. మాటమీద నిలబడే అలవాటు ఆయనకు లేకపోవడం వల్ల జిల్లాకు జరిగిన మేలు, నాకు తెలిసి, అదొక్కటే.