ఎడమ మూల యాభై రెండు కిలోలు

వెంకటరాయప్పగారు మనిషి కనబడితే బాగున్నావా అని అడగరు, బరువెంత అని అడుగుతారు. చెప్పిన అంకె విని కళ్లు చిన్నవి చేసి, "ఖాళీ బరువా, నిండు బరువా?" అంటారు. అంటే టిఫిను తినక ముందు చూసుకున్నావా, తిన్నాక చూసుకున్నావా అని. ఆయన మేనకోడల్ని చూసుకోవడానికి వచ్చిన పెళ్లికొడుకుని కూడా ఇదే అడిగారు. తనలో ఏదో లోపం కనిపెట్టేశారనుకుని ఆ అబ్బాయి కాఫీ కూడా తాగకుండా లేచిపోయాడు.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. బెంగళూరులో హెలికాప్టర్ల ఫ్యాక్టరీ తూకం సెక్షన్లో ఆయన ముప్పై ఎనిమిదేళ్లు చేశారు. అందులో పన్నెండేళ్లు నేను ఆయన కింద ఉన్నాను. మా చేతుల మీదుగా బయటికి వెళ్లింది చీతా హెలికాప్టరు. డిజైను ఫ్రాన్సువాళ్లది, లైసెన్సు తెచ్చుకుని తయారుచేసింది మనవాళ్లు. మంచుకొండల మీదికి మందులూ కిరోసినూ మోసి, జబ్బుపడ్డ జవాన్లను కిందికి తెచ్చేది అదే. అంత ఎత్తులో గాలి పలచన కాబట్టి అక్కడ అది మోయగలిగేది ఒక బియ్యం మూటంత. అందుకే రాయప్పగారు ఒక్కో గ్రామునూ పగవాణ్ని చూసినట్టు చూసేవారు. రెండో పూత రంగు ఎందుకని రంగులవాళ్లతో మూడు నెలలు మాట్లాడలేదు.

హెలికాప్టరును తూచేటప్పుడు షెడ్డు తలుపులు మూసి ఫ్యాన్లు ఆపేస్తారు, గాలి తగిలితే అంకె మారుతుందని. రాయప్పగారు ఈ పద్ధతిని కూరగాయల అంగడికి కూడా తీసుకెళ్లారు. బెండకాయలు తక్కెడలో పడగానే వెళ్లి ఫ్యాను ఆపేస్తారు. మే నెల ఉక్కలో అంగడాయన చెమటలు తుడుచుకుంటూ, ఈయన తొందరగా పోతే చాలని నాలుగు కాయలు ఎక్కువ వేస్తాడు. తూకం తప్పిందని ఈయన ఆ నాలుగూ తీసి పక్కనపెట్టి, మళ్లీ మొదటినుంచి తూయిస్తారు.

కొన్నాళ్లకు అదే చీతాకు రెండు పక్కలా తుపాకులూ రాకెట్లూ తగిలించి దాడికి పనికొచ్చే రకం చేశారు. దాని పేరు లాన్సర్. దాన్ని చూసి ఫ్యాక్టరీ అంతా మురిసిపోతుంటే రాయప్పగారు చుట్టూ ఒకసారి తిరిగివచ్చి, ఈ సామానంతా దించేస్తే ఎందరు ఎక్కుతారని అడిగారు. ఇది మనుషుల్ని ఎక్కించుకునే రకం కాదు, కొట్టే రకం అని పైలటు ఓపిగ్గా చెప్పాడు.

"ఆయ్తు, కొట్టేది సరే సార్. కొట్టినంక దెబ్బ తగిలినోణ్ణి ఎవురు తెస్తారు?" అన్నారీయన.

ఆ మధ్యాహ్నమే తూకం పత్రం చివర తనే ఒక గడి గీసి, 'ఆయుధాలు దించితే: ఇద్దరు' అని రాశారు. ఆ గడి ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ కొట్టేయలేదు కూడా. ఇంటికొచ్చి మాత్రం భార్య రత్నమ్మగారి ఎదుటే నాతో, "మా ఇంట్లో కూడా రెండు రకాలూ ఉండాయప్పా మంజూ. పొద్దున చీతా, నేను చట్నీ తూకం వేస్తే లాన్సరు" అన్నారు. ఆ పూట మాకిద్దరికీ చట్నీ రాలేదు.

రిటైరయ్యాక ఆయన బ్రూక్‌ఫీల్డ్‌లో పదంతస్తుల అపార్టుమెంటులో ఐదో అంతస్తుకు చేరారు. నేను మూడో అంతస్తులో ఉంటాను. ఆరుగురు, నాలుగు వందల ఎనిమిది కిలోలు అని లిఫ్టులో బోర్డుంది. ఆ బోర్డు చూడగానే రాయప్పగారికి పోయిన ఉద్యోగం తిరిగొచ్చినట్టయింది. పొద్దున ఎనిమిదింటికి లిఫ్టు ముందు నిలబడి, ల్యాప్‌టాప్ సంచులతో సహా లెక్కగట్టి, నువ్వు ముందుకు, నువ్వు వెనక్కి అంటూ జనాన్ని సర్దేవారు. సాఫ్ట్‌వేరు పిల్లలు అంకుల్ అంకుల్ అంటూ చెప్పిన చోట నిలబడేవారు. కిందికి దిగడం తొందర కానీ, హెలికాప్టరాయనతో వాదించే తీరిక ఎవరికుంది?

మా అపార్టుమెంటులో వంటవాళ్లూ పనివాళ్లూ సర్వీసు లిఫ్టులోనే వెళ్లాలని నియమం. ఉగాదికి ఆ లిఫ్టు పాడైంది, నియమం మాత్రం పాడవలేదు. హొసకోటె నుంచి బస్సులో వచ్చి తొమ్మిదో అంతస్తులో మూడిళ్లకు వండే కెంపమ్మ, అరవై దాటిన మనిషి, అరిగిపోయిన మోకాళ్లతో రోజూ తొమ్మిది అంతస్తులూ ఎక్కేది. ఒకరోజు నాలుగో అంతస్తు మెట్ల మీద చతికిలబడి ఉండగా రాయప్పగారు చూశారు. ఇంక తన వల్ల కాదనీ, నెలాఖరుకు మానేస్తాననీ, మానేస్తే తిండికి ఏం చెయ్యాలో తోచడం లేదనీ చెప్పుకుంది. ఓదార్చాల్సింది పోయి ఈయన బరువెంత అని అడిగారు. యాభై రెండు అంది.

మర్నాడు ఆయన తాడుకు కట్టిన ఇత్తడి గుండూ, టేపూ, బరువు చూసుకునే మిషనూ పట్టుకుని గంటసేపు లిఫ్టులో గడిపారు. సాయంత్రానికి లిఫ్టు పక్కన కాగితం అతికించారు. అద్దం, మీటల పలక కుడివైపు ఉన్నందువల్ల లిఫ్టు బరువు ఒక పక్కకు జరిగిందనీ, ఎడమ వెనక మూల యాభై రెండు కిలోల బ్యాలస్టు లేకపోతే తాడు అరుగుతుందనీ అందులో ఉంది. బ్యాలస్టు అంటే హెలికాప్టరు బరువు సరితూగడానికి ఒక మూల పెట్టే దిమ్మె. కింద మూడు సూత్రాలు, లెక్క, సంతకం. ఇసుక మూట పెడదామని ఒకరన్నారు. ఇసుక ఒక పక్కకు జారిపోతుంది, తనంతట తాను సర్దుకుని నిలబడే బ్యాలస్టే క్షేమమని ఈయన తేల్చేశారు. అలా కెంపమ్మ సామాను లెక్కన లిఫ్టెక్కింది. సామానుకు నియమం వర్తించదు కదా.

వారం తిరిగేసరికి కెంపమ్మ లేనిదే లిఫ్టెక్కడానికి జనం భయపడ్డారు. ఆమె బస్సు ఆలస్యమైతే దిగాల్సినవాళ్లంతా పైనే నిలబడి, ఎక్కడున్నావు కెంపమ్మా, మాకు మీటింగుంది అని ఫోన్లు చేసేవారు. అప్పటిదాకా ఆమె పేరు తెలియనివాళ్లు కూడా ఆమెకు పండగ శుభాకాంక్షలు చెప్పారు.

మూడు నెలలు ఇలా నడిచాక అసోసియేషన్ సెక్రటరీ హేమంత్‌కుమార్‌కు అనుమానం వచ్చింది. లిఫ్టు ఇంజనీరు ఫయాజ్‌ను ఆదివారం మీటింగుకు పిలిచాడు. శనివారం మధ్యాహ్నం లిఫ్టు కోసం నిలబడి నేను ఆ కాగితం మొదటిసారి శ్రద్ధగా చదివాను. రెండో వరుసలో కూడిక గుర్తు ఉండాల్సిన చోట తీసివేత ఉంది. మా సెక్షన్లో కొత్తగా చేరినవాడు కూడా చెయ్యని తప్పు. ఆయనకు వయసు మీద పడిందేమోనని నాకు నిజంగా దిగులేసింది. పైకి పరుగెత్తాను. ఆయన ఫ్యాను ఆపి చింతపండు తూస్తున్నారు.

"అన్నా, గుర్తు తిరగబడిందన్నా" అన్నాను.

"తిరగబడలేదప్పా. నేనే తిప్పినా."

నేను పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను. రెండు వందల గ్రాముల తేడా కోసం ఒకసారి సెలవురోజున హెలికాప్టరు మొత్తం మళ్లీ తూయించిన మనిషి ఈయన. రేపు అందరి ముందరా పరువేం కానని అడిగాను. ఆమె మానేస్తే ఏం తినాల అని ఆయన తిరిగి నన్నే అడిగారు.

ఆదివారం ఫయాజ్ మర్యాదగా, లిఫ్టు పట్టాల మీద నడుస్తుందనీ, ఏ మూల ఎంత బరువున్నా తాడుకు ఏమీ కాదనీ చెప్పాడు. హేమంత్‌కుమార్ ఆ కాగితం ఎత్తి పట్టుకుని, "అంకుల్, ఈ సైన్ మీదేనా? క్యాలిక్యులేషన్ కరెక్టేనా?" అన్నాడు. తలుపు దగ్గర కెంపమ్మ కొంగు చుట్టుకుని నిలబడి ఉంది. రాయప్పగారు లేచారు.

"సంతకం నాదే. లెక్క అబద్ధం. ముప్పై ఎనిమిదేండ్లలో వంద గ్రాములు తప్పు రాయలేదు, ఇప్పుడు యాభై రెండు కిలోలు రాసినా. ఆమె మోకాళ్ల నొప్పి మాత్రం నిజం. నా బరువు ఎనభై ఒకటి, ఖాళీ బరువే. రేపట్నుంచి నేను మెట్లెక్కతా, నా బదులు ఆమెను ఎక్కనీండి. ఇంకా ఇరవై తొమ్మిది కిలోలు మిగుల్తాది. దాంట్లో ఆమె కూరగాయల సంచి పెట్టుకుంటాది."

హేమంత్‌కుమార్ కాగితం దించేసి కిందికి చూశాడు. అప్పుడు తలుపు దగ్గర్నుంచి కెంపమ్మ నడుచుకుంటూ వచ్చి రాయప్పగారి ఎదుట నిలబడింది.

"అబద్ధమా స్వామీ? నేను లావయితే లిఫ్టు వాలిపోతాదని మూడు నెలలు పాయసం ముట్టలేదు. నా మనవరాలి పెండ్లిలో హోళిగె కూడా తినలేదు."

మొదట నవ్వింది హేమంత్‌కుమారే. నవ్వుతూనే పెన్ను తీసి, మినిట్స్ పుస్తకంలో లిఫ్టు అందరిదీ అని రాసి, చేతులెత్తమన్నాడు. అన్ని చేతులూ లేచాయి. రాయప్పగారు మాత్రం తల వంచుకుని, తినని ఆ బొబ్బట్టుకు క్షమాపణ ఎలా చెప్పాలో తెలియక నిలబడ్డారు.

కెంపమ్మ ఆయన్ని సులువుగా వదల్లేదు. ఆ మధ్యాహ్నం నేతితో, జీడిపప్పుతో గిన్నెడు పాయసం కాచి, లిఫ్టులో ఐదో అంతస్తుకు తెచ్చింది. ఆయన ఎదుట కుర్చీ వేసుకుని కూర్చుని, రత్నమ్మగారు పోస్తుంటే మూడు గ్లాసులు తాగింది. ఇది పోయిన నెలది స్వామీ, ముందటి రెండు నెలలవీ రేపు, ఎల్లుండీ అంది.