రోజా తోట లెక్క

బర్గూరులో ఇంజినీరింగు మొదటి ఏడాది సర్క్యూట్ల హోంవర్కు నన్ను ఏడిపించింది. వరసగా ఉన్న రెసిస్టర్లలో ఒక్కోటి దాటేకొద్దీ కరెంటు తగ్గుతుందని రాస్తూ పోయాను. హోసూరు పక్కన మా రోజా తోటలో డ్రిప్పు పైపు చివరికి వచ్చేసరికి నీళ్ళు తగ్గిపోతాయి మరి! ప్రతి లెక్కకూ ఎర్ర గీత పడుతుంటే ఒళ్ళు మండి, పుస్తకాన్ని మంచం మీదికి విసిరికొట్టాను.

హాస్టల్లో నా గదిలోనే ఉండే సీనియరు, డెంకణికోట అక్క, దాన్ని తీసి చూసింది. తోట సంగతి చెప్పాను. నవ్వలేదు. అందుకు ఇప్పటికీ ఆమెకు మనసులో దండం పెట్టుకుంటాను.

"తోటలో ప్రతి చెట్టు కాడా నీళ్ళు బయటికి పోతాయి కదమ్మా. ఈడ కరెంటు బయటికి పోయేదానికి దారి యాడుంది? చూపించు."

బొమ్మంతా వేలితో వెతికాను. దారి లేదు. అన్నిటిలోనూ ఒకటే కరెంటు.

ఇక లెక్కల్లోకి తోటను రానివ్వకూడదనుకున్నాను. కొన్నాళ్ళకు ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో, వరసగా చిల్లులున్న పైపులో నీటి వేగం ఎట్లా మారుతుందో కనుక్కోమన్నారు. మళ్ళీ అక్క దగ్గరికే పోయాను. ఆమె లెక్క చదివి, పెన్ను నా చేతికే ఇచ్చింది.

"ఇది మీ తోట లెక్కమ్మా. నువ్వే నాకు చెప్పాల."