బిగించానా?

వీధి చివరి షెడ్డులో ఆ పెద్ద మెకానిక్ ముందు చక్రం ఎక్కిస్తుంటే, బండి తెచ్చినవాళ్లు కూడా మాటలాపి చూసేవారు. ఇరుసును గుడ్డతో తుడిచి, పలచగా గ్రీజు పూసి, అరచేత్తో మెల్లగా లోపలికి నెట్టేవాడు. చక్రం తిప్పి, కళ్లు మూసుకుని, ఆ చప్పుడుకు చెవి ఒగ్గేవాడు. ఆఖరున పానా అందుకుని, పళ్ల బిగువున నట్టు బిగించేవాడు. ఏళ్ల తరబడి ఆ వరసలో వెంట్రుకవాసి తేడా రాలేదు.

ఆ రోజు కోడలి బండికి ముందు చక్రం బేరింగులు మార్చి పంపించాడు. ఆమె ఆఫీసుకు వెళ్లిన కాసేపటికి టీ గ్లాసు ఆయన నోటి దగ్గరే ఆగిపోయింది. నట్టు బిగించానా? ఎంత తవ్వుకున్నా పానా పట్టిన జ్ఞాపకం లేదు. ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. దారిలోని వాలు రోడ్డు కళ్లముందు మెదిలింది. పానా జేబులో వేసుకుని, గుండె చిక్కబట్టుకుని స్కూటరెక్కాడు.

ఆఫీసు ముందు బండి క్షేమంగా నిలబడి ఉంది. ఆయన దాని పక్కనే కూలబడి నట్టు పట్టుకున్నాడు. అది వేళ్లకే తిరిగింది.

ఫోన్ చూసుకుని, కిటికీలోంచి ఆయన్ను గమనించి కోడలు కిందికి పరుగెత్తుకొచ్చింది. "ఏంటి మావయ్యా, ఏమైంది?"

"నట్టు బిగించడం మర్చిపోయానమ్మా," అన్నాడు పానా తిప్పుతూ.

"పోన్లెండి, నాకేం కాలేదుగా," అంటూనే ఆమె ఆగిపోయింది. "మరి నా కళ్లముందే ఇంకో బండికి చక్రం ఎక్కించి పంపారు కదా, ఆ నల్ల బండికి? దానికి బిగించారా?"

ఆయన తలెత్తి కోడలి మొహంలోకి చూశాడు.

"ఏ నల్ల బండి?"