సగం తీగకు ఎన్ని వాట్లు

నాకు కోపం వస్తే అరవను, లెక్క వేస్తాను. గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి ఎలక్ట్రికల్ షాపులో సూపర్‌వైజర్‌గా చేరిన మొదటి ఏడాదే ఒక మనిషి మీద అలా లెక్క వేశాను. ఆయన నా తండ్రి వయసువాడు. నాకు ఏ కీడూ చెయ్యలేదు.

ఇరవై ఏళ్లకు పైగా బాయిలో బొగ్గు తీసినవాడు. పైకప్పు నుంచి పెళ్ల ఊడిపడి నడుము దెబ్బతింది. దవాఖాన నుంచి వచ్చాక పైన మా షాపులో ఎలక్ట్రీషియన్లకు సాయంగా పెట్టారు. దాన్ని యాక్టింగ్ అంటారు. చేసే పని ఒకటి, కాగితాల్లో ఉండే హోదా ఒకటి. ట్రేడ్ టెస్టు పాసైతే పైనే ఉండిపోతాడు, తప్పితే మళ్లీ బాయిలోకి దిగాలి. ఆ నడుముతో దిగలేడని షాపులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఇక నా కడుపుమంట సంగతి. ఒకరోజు పంపు మోటారు మాటిమాటికీ ట్రిప్పయి ఆగిపోతుంటే, మీటరు పట్టుకుని మూడు గంటలు తంటాలు పడ్డాను. ఆయన వచ్చి, సప్లై ఆపించి, కేబుల్ జాయింట్ల మీద వరసగా చేతి వెనక భాగం ఆనించి చూశాడు.

"జర పక్కకు జరుగు బిడ్డా. గీ జాయింటు కాలుతున్నది. బోల్టు వదులైంది."

బిగిస్తే మోటారు తిరిగింది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు. "కొత్తల అందరికి గట్లనే ఉంటది" అని ఓదార్చాడు. నవ్వినా భరించేదాన్ని, ఆ ఓదార్పు మాత్రం చెంపదెబ్బలా తగిలింది.

వారం తిరక్కుండా, టెస్టుకు లెక్కలు నేర్పమని నన్నే అడిగాడు. నేర్పాను, రోజూ టీ వేళ పావుగంట. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్సు వస్తుంది. ఆయన దాన్ని 'అడ్డం' అనేవాడు. అదే వోల్టేజిని కరెంటుతో గుణిస్తే పవరు, అంటే ఎన్ని వాట్లో తేలుతుంది. ఏడో తరగతితో చదువు ఆపిన మనిషి, అరచేతిలో వేలితో రాసుకుంటూ పది రోజుల్లో పట్టేశాడు. నాకు అదీ నచ్చలేదు.

మా షాపులో టీ కాచేది కాయిల్ హీటరు మీద. కాలనీ క్వార్టర్లలో ఉండే రకమే. కాయిల్ తెగితే ఇక్కడ ఎవరూ కొత్తది వెయ్యరు. కాలిన ముక్క కోసి పారేసి, మిగిలింది సాగదీసి మళ్లీ తగిలిస్తారు. మా హీటరుకూ ఒకరోజు ఆయన ఆ వైద్యమే చేశాడు.

"తీగ గింత పొట్టిగైంది, ఏం కాదా కాకా?" అని ఒక ఎలక్ట్రీషియన్ అడిగాడు.

"ఏమైతది? తీగ తక్కువైతే కరెంటు తక్కువ గుంజుతది. ఫికర్ చెయ్యకు."

కాయిల్ మునుపటి కంటే ఎర్రగా మండుతోంది. కొత్తగా తగిలించినప్పుడు గట్లనే ఉంటదని దానికీ ఒక కారణం చెప్పాడు. అంతా తప్పు. తీగ పొడవు తగ్గితే అడ్డం తగ్గుతుంది, అడ్డం తగ్గితే కరెంటు ఎక్కువ పారుతుంది. రోజూ పాఠం చెప్పేదాన్ని, ఒక్క నిమిషంలో దిద్దేయొచ్చు. దిద్దలేదు. టీ తాగుతూ కూర్చున్నాను. ఆ తప్పు నాకు పనికొస్తుందని దాచిపెట్టుకున్నాను.

టెస్టు రోజు ఎదురుగా పెద్ద ఇంజినీరు, పక్కన నేను. ఇంజినీరు రెండే ప్రశ్నలు వేశాడు.

"రెండు వందల ఇరవై వోల్టులు, ఐదు ఆంపియర్లు. రెసిస్టెన్సు ఎంత?"

అరచేతి మీద వేలు కదిలింది. "నలభై నాలుగు ఓములు సార్."

"పవరు?"

"పదకొండు వందల వాట్లు."

ఇంజినీరు సంతకానికి పెన్ను మూత తీసి, "మీరేమైనా అడుగుతారా?" అని మర్యాదకు నావైపు చూశాడు.

"అదొక హీటరనుకోండి," అన్నాను. "కాయిల్ సగం కోసేసి, మిగతా సగాన్ని అదే సప్లైకి పెట్టారు. ఇప్పుడు ఎన్ని వాట్లు?"

ఆయన ముఖం వెలిగింది. నేను కావాలనే తేలిక ప్రశ్న ఇచ్చాననుకున్నాడు. "సగం తీగ, సగం వాట్లు. ఐదు వందల యాభై."

"ఇరవై రెండు వందలు," అన్నాను. తర్వాత ఇంజినీరు వైపు తిరిగి, "ఈ అవగాహనతో కేబుళ్ల మీద చెయ్యి వేస్తే మనుషులు పోతారు సార్," అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే అంత బాగా పనిచేసింది. ఇంజినీరు సంతకం పెట్టలేదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

నేను బయటికి వచ్చేసరికి ఆయన వరండాలో నాకోసం నిలబడి ఉన్నాడు.

"ఇరవై రెండు వందలు ఎట్లయితయ్ బిడ్డా?"

చెప్పాను. అడ్డం సగమై ఇరవై రెండు, దాంతో కరెంటు పది, రెండు వందల ఇరవైని పదితో గుణించాలి. అరచేతిలో వేసి చూసుకున్నాడు. లెక్క సరిపోయింది. అప్పుడు తలెత్తాడు.

"మొన్న నేను హీటరు బాగుచేసిననాడు నువ్వు గాడనే ఉంటివి గదా?"

"ఉన్నాను."

"ఎర్కనా నీకు, నేను తప్పు చెప్పిన్నని?"

"తెలుసు."

తిట్టలేదు. "గప్పుడే ఒక్క మాట చెప్తే అయిపోతుండె," అన్నాడు. సిగ్గు వేసింది. సిగ్గుతో పాటు, ఈయనకు ఇంత తొందరగా ఎలా అర్థమైందన్న ఉక్రోషం కూడా వచ్చింది.

సోమవారం మొదటి షిఫ్టుకు నడుముకు బెల్టు కట్టుకుని బాయిలోకి దిగాడు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకున్నారు. టెస్టు కాగితాలు ఇంకా నా టేబుల్ మీదే ఉన్నాయి, పెద్దాఫీసుకు వెళ్లేదాకా ఫలితం మార్చొచ్చు. ఇంజినీరు గది పక్కదే. తప్పు ముందే చూసి దిద్దలేదని, దాన్నే కావాలని అడిగానని చెబితే, ఆయన్ని పైకి పిలిపించి మళ్లీ అడిగేవాడు. ఈసారి జవాబు వచ్చేది. కానీ ఆ మాట చెప్పాక షాపులో నన్నెవరు మేడం అంటారు?

మధ్యాహ్నం పెద్దాఫీసుకు తపాలా తీసుకెళ్లే మనిషి వచ్చాడు. కాగితాలు కవరులో పెట్టి నా చేతులతోనే ఇచ్చాను.