మేస్త్రీ రాసిన ఇరవై ఐదు ట్రిప్పులు

చిత్తూరు దారిలోని ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నా పనులు మూడు. గుజ్జు తీసే మోటారుకు మేము బిగించిన డ్రైవ్‌ను, అంటే వేగాన్ని అదుపు చేసే పెట్టెను, పరీక్షించడం. ఎంత లోడు దగ్గర అలారం మోగాలో అందులో అమర్చడం. మోటారు ట్రిప్పవకుండా చూడడం. లోడు మించినా, వేడెక్కినా డ్రైవ్ తనంతట తానే మోటారును ఆపేస్తుంది. దాన్నే మేము ట్రిప్పు అంటాం.

తిరుపతిలో డ్రైవ్‌లు అమ్మే మా బాసు ముందే హెచ్చరించాడు.

“సీజన్లో మోటారు ఆగిందంటే వాళ్లు ఆ డబ్బా పీకి మన మొగాన కొడతారు. నీ ప్రొబేషన్ ఇంకా అయిపోలేదు, గుర్తుండాది గదా అబ్బా?”

డ్రైవ్ జ్ఞాపకంలో చివరి నాలుగు ట్రిప్పులే మిగులుతాయి. అందుకని మోటారు చూసుకునే మేస్త్రీకి గీతలు కొట్టిన నోటుబుక్కు ఇచ్చి, ఎన్ని ట్రిప్పులయితే అన్నీ టైముతో సహా రాయమన్నాను.

“అట్నే సామీ. ఒక్కటి గూడా ఇడిసిపెట్టను” అన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నానికి ముందే తిరుపతిలో ఎస్‌టీడీ బూత్ నుంచి ఫ్యాక్టరీకి ఫోన్ చేసి మేస్త్రీని లైన్లోకి పిలిపించాను.

“నిన్న పద్నాలుగు ట్రిప్పులు సామీ. ఈ పొద్దు ఇప్పటికే పదకొండయినాయి.”

“పదకొండా! ఓనరు ఏమన్నారు?”

“శానా కుశాలగా ఉండాడు. సాయంత్రానికి ఇరవై దాటిస్తామని సెప్పినా.”

దొరికిన మొదటి బస్సెక్కాను. వెళ్లేసరికి మోటారు హాయిగా తిరుగుతోంది. నాకు అనుమానం మరింత పెరిగింది. డ్రైవ్‌లో ట్రిప్పుల జాబితా తెరిస్తే ఒక్కటీ లేదు.

“దీని మెమరీ ఎవరు తుడిచారు?” అని గట్టిగా అడిగాను.

“నేనే సామీ. దినామూ పొద్దున్నే గుడ్డతో తుడుస్తా” అన్నాడు మేస్త్రీ, మెచ్చుకుంటానేమో అన్నట్టు చూస్తూ.

ఇక ఆయనతో మాట్లాడి లాభం లేదనుకుని సెట్టింగులు మార్చాను. ఒకటి, లోడు అలారాన్ని నూటపది శాతం నుంచి డెబ్బైకి దించాను. రెండు, ఆ అలారానికి తిరుపతి నుంచి తెచ్చిన హూటర్ కలిపాను. మూడు, లోడు మరీ పడిపోయినా మోటారు ఆగేలా పెట్టాను. జాగ్రత్తలో లోటు ఉండకూడదు కదా.

బెల్టు మీద కాయ పడగానే లోడు డెబ్బై దాటింది. హూటర్ కూసింది. కాయలు కోసే ఆడవాళ్లు కత్తులు కింద పెట్టి లేచారు.

“ఏందే, ఈ పొద్దు సంగటికి ఇంత బిరీన కూసింది?”

“కూసినప్పుడే తినాల. పదండమ్మా!”

ఫ్యాక్టరీ భోజనాల హూటర్‌దీ నాదీ ఒకే గొంతని నాకప్పుడు తెలిసింది. అరవడానికి నేను నోరు తెరిచేలోపు షెడ్డు ఖాళీ అయింది. బెల్టు ఖాళీ అయింది. లోడు పడిపోయి, నా మూడో జాగ్రత్త ప్రకారం మోటారు ఆగింది.

ఓనరు పరుగెత్తుకొచ్చాడు. “ఏమప్పా, ఎందుకు నిలబడింది?”

“రెండు రోజుల్లో ఇరవై ఐదు సార్లు ట్రిప్పయితే నిలబడక ఏమవుతుంది సార్?”

“ఎవురు సెప్పినారు? పెట్టినకాడి నుంచి ఇదే మొదటి తూరి ఆగేది!”

మేస్త్రీ నోటుబుక్కు తెచ్చాడు. ఒకటో ట్రిప్పు, పొద్దున ఏడు పది, బెంగుళూరా మామిడికాయ, ఎర్ర ట్రాక్టరు. రెండో ట్రిప్పు, ఏడు నలభై, నీలం ట్రాక్టరు. కాయలు తెచ్చిన ఒక్క ట్రాక్టరు లోడు కూడా వదిలిపెట్టలేదు.

సెట్టింగులన్నీ చివరి నుంచి మొదటికి వెనక్కి మార్చాను. హూటర్ పీకి సంచిలో దాచాను. ఆడవాళ్లు సంగటి తిని తీరిగ్గా వచ్చాక మోటారు మళ్లీ తిరిగింది. నేను చేతులు కడుక్కునేలోపు ఓనరు నా సర్వీసు రిపోర్టు నింపి, సంతకం కూడా పెట్టేశాడు.

బాసు మర్నాడు దాన్ని పైకే చదివాడు. “ట్రిప్పులు ఇరవై ఐదు. శానా సంతోషం.” నా వైపు చూశాడు. “ఏందిదబ్బా?”

“అవి ట్రాక్టర్లవి సార్. మోటారుది ఒకటే.”

“ఆ ఒకటి ఎందుకయింది?”

రిపోర్టులో కారణం గడి ఖాళీగా ఉంది. పెన్ను తీసి, ‘నేను’ అని రాశాను. బాసు దాన్ని చూసి చాలాసేపు నవ్వాడు. నా ప్రొబేషన్‌ను మాత్రం ఇంకో మామిడి సీజన్ వరకు పొడిగించాడు.