రాధారాణి లాడ్జి మూసేసిన వేసవి

మిషిగన్ ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సు ఒడ్డు కొండ మీద లాడ్జి నడపాలన్న కోరిక వీరభద్రానిది. అతని భార్య రాధారాణిది కాదు. నోవైలో కార్ల కంపెనీ ఉద్యోగం పోయాక, ఇక ఆఫీసుల మొహం చూడనని అతను భీష్మించాడు. కొండలెక్కేవాళ్ళు రాత్రికి తలదాచుకునే ఆ చెక్క ఇంట్లో, మాట్లాడే మనిషి లేక రాధారాణి మొదటి చలికాలమంతా ఏడ్చింది. తర్వాత్తర్వాత, అలసి వచ్చినవాళ్ళకు వేడివేడి పప్పుచారు పోసి, తడిసిన బూట్లు పొయ్యి పక్కన ఆరబెట్టడంలో ఆమెకూ మనసు కుదిరింది.

2013 అక్టోబరులో షామ్‌బర్గ్ నుంచి రిషిత, శశికాంత్ అని ఎం.ఎస్. చదివే ఇద్దరు పిల్లలు వచ్చారు. పొద్దున్నే తుంపర్లలో బయల్దేరుతుంటే రాధారాణి వద్దంది.

"షార్ట్ ట్రెయిలే ఆంటీ, లంచ్‌కి వచ్చేస్తాం," అన్నాడు శశికాంత్.

మధ్యాహ్నానికి వాన కాస్తా మంచుగా మారింది. పిల్లలు రాలేదు. వీరభద్రం అడవి కాపలా రేంజర్లకు ఫోన్ చేసి, కోటు తొడుక్కున్నాడు.

"రేంజర్లు వస్తున్నారుగా, ఆగరాదూ?"

"వాళ్ళొచ్చేసరికి చీకటి పడుతుందే. దారిలో వాగు దాకా చూసొస్తా. టీ పెట్టి ఉంచు."

పిల్లలు దారి తప్పి కొండకు అవతలి వైపు దిగారు. ఎవరో కార్లో ఎక్కించుకుని లాడ్జి ముందు దింపారు. రాధారాణి వాళ్ళకు దుప్పట్లు కప్పి, టీ ఇచ్చి, తలుపు వంకే చూస్తూ నిలబడింది.

"అంకుల్ ఏరి ఆంటీ?" అంది రిషిత.

మర్నాడు వాగులో, జారుడు బండ కింద, వీరభద్రం దొరికాడు.

శశికాంత్ ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "సిగ్నల్ లేదు ఆంటీ... కాల్ చేద్దామనే చూశాం..."

వాణ్ణి తిట్టాలనిపించింది, నోరు రాలేదు. దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది, చేతులు లేవలేదు. "వెళ్ళండి నాన్నా," అంది.

వచ్చేయమని నోవైలోని స్నేహితురాలు నాగమల్లేశ్వరి ఎంత పోరినా ఆమె కదల్లేదు. ఆయన పెట్టిన లాడ్జి ఆగకూడదనుకుని, వేసవి రాగానే తలుపులు తీసింది. కానీ కొండకు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేదాకా పొయ్యి వెలిగించలేకపోయేది. ఒకరోజు ముసలి దంపతులు కాస్త ఆలస్యమయ్యేసరికి, ఇంటి చెప్పులతోనే పరుగెత్తి, వాగులో మోకాటి లోతున నిలబడి, "ఏమండీ! ఏమండీ!" అని అరిచింది. ఆ దంపతులే ఆమెను చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తెచ్చారు. ఆ వారమే మిగిలిన బుకింగులన్నీ కాన్సిల్ చేసింది.

నాగమల్లేశ్వరి వచ్చి నోవైకి తీసుకెళ్ళి, తన ఇంట్లోనే ఒక గది ఇచ్చింది. రాధారాణి అడిగితే వండేది, పెడితే తినేది. ఏడాది తిరిగినా గడప దాటలేదు.

"అలా పార్క్ దాకా నడిచొద్దాం రా అక్కా," అని నాగమల్లేశ్వరి బతిమాలితే, "నువ్వూ వెళ్ళకే," అని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకునేది.