బా ఖ్రావ్‌బోక్ చాటింపు, దాని తోక

మా మావ్‌సోప్లాంగ్ ఊళ్ళో బా ఖ్రావ్‌బోక్‌కి సొంతమని చెప్పుకోదగ్గ ఆస్తి ఒక్కటే, గొంతు. ఇల్లు భార్య కాంగ్ త్రియాల్డాది; మేం మగవాణ్ణి బా అనీ, ఆడమనిషిని కాంగ్ అనీ గౌరవంగా పిలుస్తాం. ఆ ఇల్లు ఆమెకు తల్లి ఇచ్చింది, ఆ తల్లికి ఆమె తల్లి ఇచ్చింది. చీపురుగడ్డి పెరిగే కొండవాలు ఆమెదే, పందులూ ఆమెవే. పిల్లలు పుట్టగానే ఆమె వంశం పేరు తగిలించుకుని ఆమె పక్షాన నిలబడ్డారు. మా ఖాసీ కొండల్లో మగవాడి సంగతి ఇంతే. దీనికి ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోరు, ఎన్నికలప్పుడు తప్ప.

గొంతు మాత్రం ఖ్రావ్‌బోక్‌కి మేనమామ నుంచి వచ్చింది. ఊళ్ళో చాటింపు వేసే హక్కు వాళ్ళ వంశానిది. మేనమామ తరవాత మేనల్లుడు. దర్బారు, అంటే ఊరి సభ, ఉందంటే ముందురోజు సాయంత్రం అతను గుట్టమీది రాయెక్కి, రెండు చేతులూ నోటికి దొన్నెలా పెట్టి కేకేస్తాడు. ఆ చాటింపుకి ఒక తల, ఒక తోక ఉన్నాయి. ఊరిపెద్ద మాట నా నోట వినండి అన్నది తల. తరవాత అసలు సంగతి. ఆపైన తోక: రేపు మీసం మొలిచిన ప్రతివాడూ దర్బారులో కూర్చోవాలి, ఒక్కడూ పొలిమేర దాటరాదు, దాటినవాడు ఊరికి పందిని సమర్పించుకోవాలి. ఒకసారి చాటిన మాటను దర్బారు కూర్చుని రద్దు చేయవలసిందే తప్ప, ఊరిపెద్ద కూడా తుడిచేయలేడు. ఆడవాళ్ళ ప్రస్తావన ఇందులో ఎక్కడా లేదు. వాళ్ళకి మీసాలు లేవు కనక దర్బారులో చోటూ లేదని మా పూర్వీకులు ఆలోచించి తేల్చారు. ఆస్తి మొత్తం వాళ్ళ చేతిలో పెట్టి, మాట్లాడే హక్కు మేం ఉంచుకున్నాం. మంచి బేరమే అనుకున్నాం.

ఇంతలో జిల్లా మండలి ఎన్నికలొచ్చాయి. మా నియోజకవర్గంలో అందరూ లెక్కలోకి తీసుకున్న అభ్యర్థి బా హెబ్రాన్, కాంట్రాక్టరు. మా బడికి పైకప్పు వేసినవాడాయనే. ఆ కప్పు మొదటి గాలివానకే లేచి, పక్క కొండమీద ఎవరి పొలంలోనో దిగింది. అందువల్ల ఈసారి మా పోలింగ్ కేంద్రాన్ని వాగు అవతలి ఊరి బడికి మార్చారు. ఆయన దీన్ని పట్టించుకునే మనిషి కాదు. మగవాడికి ఆస్తిలో వాటా వచ్చేలా మండలిలో చట్టం తెస్తానన్నాడు. మగవాడు తల్లి ఇంట్లో మేనమామ, భార్య ఇంట్లో అతిథి, మరి తన ఇల్లెక్కడ అని అడిగి, స్వయంగా కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం పంది మాంసంతో విందు పెట్టాడు. మగవాళ్ళందరం తిని, మీసాల మీద ప్రమాణం చేశాం. గిన్నెలు ఆడవాళ్ళు కడిగారు.

ఎవరూ లెక్కలోకి తీసుకోని అభ్యర్థి కాంగ్ సిల్బిమాయి. సంతలో అన్నం, పంది కూర అమ్మే మనిషి. ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు. చిల్లర బిళ్ళలు లెక్కపెట్టుకుంటూనే, "నేను గెలిస్తే బడి కప్పుకి మేకులు కొట్టిస్తా" అంది. మేం చాలాసేపు నవ్వుకున్నాం.

హెబ్రాన్ ఊరికి బ్యాటరీతో నడిచే మైకు గొట్టం ఒకటి బహూకరించాడు. పోలింగ్ ముందురోజు ఊరిపెద్ద బా లాంబోర్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఖ్రావ్‌బోక్‌ని పిలిపించి, వక్కా తమలపాకూ చేతికిచ్చి పని చెప్పాడు.

"పొద్దున్నే అందరూ వాగు దాటి ఓటెయ్యాలి. అంతే చాటు. తోక వద్దు."

"తల ఉండొచ్చా, బా?"

"తల ఉంచు."

"తల ఎత్తుకుంటే తోక దానంతటదే వస్తుంది. మా మామకీ అంతే."

"రానివ్వకు. వచ్చిందా, ఎల్లుండి నుంచి చాటింపు దీనిది," అని లాంబోర్ గొట్టం వీపు నిమిరాడు.

ఇల్లు పోయే భయం ఖ్రావ్‌బోక్‌కి ఎప్పుడూ లేదు, ఇల్లు అతనిది కాదు కనక. గొంతు పోతే ఇక మిగిలేది గొడుగొక్కటే. పొయ్యి దగ్గర కూర్చుని, ఎండుచేపల పచ్చడి కలిపిన అన్నం ముందు పెట్టుకుని, తోక లేని చాటింపుని మళ్ళీమళ్ళీ గొణుక్కున్నాడు.

"మధ్యలో ఆగడం నీకు రాదు," అంది త్రియాల్డా. "పెళ్ళిలో పాస్టర్ గారు చెప్పాల్సినవి కూడా నువ్వే చెప్పేశావు."

పొద్దు గుంకగానే రాయెక్కాడు. తల చక్కగా వచ్చింది. వాగు దాటాలి, ఓటెయ్యాలి అన్నదీ వచ్చింది. అక్కడ ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు. అదే అతను చేసిన తప్పు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊపిరి తరవాత తోకే వస్తోంది. పంది జరిమానాతో సహా, ఎన్నడూ లేనంత స్పష్టంగా, లోయంతా మోగేలా వచ్చేసింది.

తెల్లారేసరికి మగవాళ్ళందరం ఉతికిన చొక్కాలతో పొలిమేర రాయి ఇవతల నిలబడ్డాం. అందరికీ అది పొరపాటని తెలుసు. పొరపాటు కూడా చాటితే చట్టమేనని కూడా తెలుసు. ముందుగా కాలు బయటపెట్టేవాడి పంది మీద మిగతావాళ్ళందరికీ ఆశ ఉంది. పంది భార్యది, కాలు మనది. ఎవరూ కదల్లేదు. ఆడవాళ్ళు మాత్రం పిల్లల్ని వీపున కట్టుకుని, గొడుగులు తెరిచి, మా మధ్యలోంచి నడిచి వెళ్ళారు.

"మీరు కూర్చోండి," అంది త్రియాల్డా మొగుణ్ణి దాటుతూ. "మేం వెళ్ళొస్తాం."

ఇక దర్బారు తప్పలేదు. దర్బారులో కూర్చోవలసిన అవసరం లేదని తీర్మానించడానికి దర్బారులో కూర్చున్నాం. మొదటి చిక్కు ఒక ముసలాయన తెచ్చాడు. పొరపాటున పిలిచింది దర్బారేనా? కాకపోతే దీనికి రద్దుచేసే అధికారం లేదు. దర్బారే అయితే పిలుపు సరైనదే, రద్దు చేయనక్కర్లేదు. ఇంత లోతైన మాట మా ఊళ్ళో పుట్టి చాలాకాలమైంది. మధ్యాహ్నం దాకా దాన్ని నమిలాం, మధ్యమధ్య వక్కా నమిలాం. వాన పడితే గొడుగుల కింద కొనసాగించాం.

హెబ్రాన్ జీపులో వచ్చి వాగు ఒడ్డున ఆగాడు. పరాయి ఊరివాడు దర్బారులో మాట్లాడరాదు కనక, పొలిమేర అవతలినుంచే ఇంకో గొట్టంలో బతిమాలాడు. అన్నలారా, దండం పెడతాను, కదలండి అన్నాడు. గొట్టంలోంచి వచ్చిన మాట ఆలకించడానికి నియమం ఏదీ లేదని పెద్దలు గుర్తించి, చర్చలోకి తిరిగి వెళ్ళారు.

చాటింపు చెల్లదని తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గేసరికి, పోలింగ్ సిబ్బంది సామాను సర్దుకుని మా ఊరి కిందుగానే వెళ్ళిపోతున్నారు. లెక్కింపు నాడు మా ఊరి మెషీన్లో హెబ్రాన్‌కి ఒక్క ఓటూ లేదు. కాంగ్ సిల్బిమాయి గెలిచింది, అదీ మా ఊరి ఓట్ల తేడాతో. మగవాడికి ఆస్తిలో వాటా కావాలన్న మా ఉద్యమం ఆ విధంగా, మగవాడు సంప్రదాయాన్ని కాపాడుకున్నందువల్ల ముగిసింది.

కోపం ఎవరిమీదైనా చూపించాలి. పెద్దలు కూడి ఖ్రావ్‌బోక్‌ని చాటింపు నుంచి తొలగించారు. చాటనిదే ఏ తీర్మానమూ అమల్లోకి రాదు. గొట్టాన్ని వాడదామంటే వాన నీళ్ళు తాగి మూగబోయింది. లాంబోర్ నేల చూపులు చూస్తూ, "ఇదొక్కటి నువ్వే చాటెయ్, బా," అన్నాడు.

సాయంత్రం ఖ్రావ్‌బోక్ గొడుగు మడిచి చంకన పెట్టుకుని రాయెక్కాడు. ఊరంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఊరిపెద్ద మాట నా నోట వినండి అన్నాడు. ఖ్రావ్‌బోక్ ఇక ఈ ఊరి చాటింపు వెయ్యడు అన్నాడు. అక్కడ ఊపిరి పీల్చుకున్నాడు.

కిందినుంచి లాంబోర్ "ఆగు, ఆగు" అంటూ చేతులు ఊపాడు. రేపు మీసం మొలిచిన ప్రతివాడూ, అని మొదలైంది. లోయ అవతలి కొండ దాన్ని పంది దాకా తిరిగి అప్పజెప్పింది.

మర్నాడు కాంగ్ సిల్బిమాయి గెలుపు విందు, వాగు అవతల. ఆడవాళ్ళు గొడుగులు తీసుకుని వెళ్ళారు. మేం దర్బారులో కూర్చున్నాం. తొలగించబడ్డవాడు చాటితే ఆ చాటింపు చెల్లదు, చాటింపు చెల్లకపోతే తొలగింపూ చెల్లదు అని అదే ముసలాయన లేచి మొదలుపెట్టాడు. పొద్దు వాలేదాకా దానికి జవాబు దొరకలేదు, ఆ తరవాత ఎవరూ వెతకలేదు. వంట చేసే దిక్కు లేక ఆకలితో ఉన్నాం. ఖ్రావ్‌బోక్ ఒక మూల రాతిమీద కూర్చుని, వక్క కొరుక్కుంటూ, గొంతు సవరించుకుంటున్నాడు.

బడి కప్పుకి మేకులు కొడుతున్న చప్పుడు ఆ వారం చివర్లో మొదలైంది. మైకు గొట్టంలో లాంబోర్ గారి కోడి పొదుగుతోంది.